గెలీనా వెళ్తున్నారా? మెయిన్ స్ట్రీట్ దాటి ఊరు చూడటం ఎలా

షికాగో శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ దగ్గరపడితే ఒకటే తర్జనభర్జన. డెల్స్ వాటర్‌పార్కులు మొహం మొత్తాయి, లేక్ జెనీవా చూసేశారు, మిల్వాకీ ఒక పూటతో సరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు డౌన్‌టౌన్ మేడలూ అరోరా బాలాజీ గుడీ చూపించడం కూడా అయిపోయింది. అప్పుడు ఎవరో ఒకరు గెలీనా పేరెత్తుతారు. ఇల్లినాయ్ రాష్ట్రానికి వాయవ్య మూలన, మిసిసిపీకి కాస్త ఇవతల, మూడు వేల పైచిలుకు జనాభాతో ఉన్న ఊరు అది.

వెళ్ళొచ్చిన వాళ్ళను అడిగితే మాత్రం సగం మంది "బానే ఉంది, షాపులున్నాయి, ఫడ్జ్ బాగుంది" అని ఊరుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. కారు దిగగానే మెయిన్ స్ట్రీట్ కనిపిస్తుంది. అటు చివరికి వెళ్ళి ఇటు చివరికి వచ్చేసరికి మూడు గంటలు గడిచిపోతాయి, ఇంటిదారి పడతారు. కానీ ఈ ఊరు కొండ మీద బొమ్మల కొలువులా అంచెలంచెలుగా ఉంటుంది. మెయిన్ స్ట్రీట్ అందులో దాదాపు అట్టడుగు మెట్టు. పై మెట్లు ఎక్కనివాళ్ళు ఊరు చూడనట్టే.

బయల్దేరే ముందు ఈ కాస్త తెలుసుకోండి

గెలీనా అంటే సీసపు ఖనిజం. బూడిదరంగులో మెరుస్తూ, చేతిలోకి తీసుకుంటే సైజుకు మించి బరువుండే రాయి. మన పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండ్లమోట్టు గనుల్లో హిందుస్థాన్ జింక్ సీసం కోసం తవ్విందీ దీన్నే. ఇక్కడ తెల్లవాళ్ళు అడుగుపెట్టక ముందే మెస్క్వాకీ, సాక్ తెగలవాళ్ళు సీసం తవ్వేవారు. తవ్వకం పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. 1822లో కెంటకీ నుంచి జేమ్స్ జాన్సన్ అనే ఆయన ప్రభుత్వ లీజు పుచ్చుకుని, పనివాళ్ళతో పాటు బానిసలను కూడా వెంటబెట్టుకుని పడవల్లో దిగాడు. ఆ తర్వాత జనం ఎగబడ్డారు. కాలిఫోర్నియా బంగారం కోసం జనం పరుగు తీయడానికి పాతికేళ్ళ ముందే సీసం కోసం ఇటు పరుగు తీశారన్నమాట. తూటాలకు సీసం, గొట్టాలకు సీసం, రంగులకు సీసం. స్టీమర్లు మిసిసిపీ నుంచి ఉపనదిలోకి తిరిగి నేరుగా ఊరి నడిబొడ్డుకు వచ్చి సరుకెత్తుకునేవి. 1833లో షికాగో ఒక ఊరుగా ఏర్పడినప్పుడు అక్కడ నాలుగు వందల మంది కూడా లేరు. గెలీనాలో అప్పటికే వార్తాపత్రిక నడుస్తోంది.

తర్వాత ఊరు తన గొయ్యి తనే తవ్వుకుంది. సీసం కరిగించే కొలుముల కోసం చుట్టూ కొండల మీది చెట్లన్నీ కొట్టేశారు. చెట్లు పోయాక వానొచ్చినప్పుడల్లా మట్టి కొట్టుకొచ్చి నదిలో పడింది. నది పూడుకుపోయింది. పైపైన దొరికే ఖనిజం అయిపోయింది. గని కూలీలు చాలామంది బంగారం వెతుక్కుంటూ పడమటికి పోయారు. 1850ల్లో ఇల్లినాయ్ సెంట్రల్ రైలొచ్చింది గానీ, అది ఇక్కడితో ఆగకుండా మిసిసిపీ ఒడ్డుదాకా పోయింది. సరుకు స్టీమరు దిగి రైలెక్కింది. 1860 జనాభా లెక్కల్లో ఎనిమిది వేలు దాటిన ఊరు అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది.

గెలీనా బతికి చెడ్డ ఊరు. ఇవాళ మనకు అంత అందంగా కనిపించడానికి కారణం కూడా అదే. పాతవి పడగొట్టి కొత్తవి కట్టాలంటే చేతిలో డబ్బుండాలి. డబ్బున్న ఊళ్ళన్నీ ఆ పని చేశాయి. గెలీనాకు ఆ స్తోమత లేకపోయింది కాబట్టి ఇటుక మేడలు, రాతి గోడలు, ఇనప రెయిలింగులు ఉన్నవి ఉన్నట్టే మిగిలాయి. 1969లో ఊరి పాత భాగం జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ఊళ్ళో భవనాల్లో నూటికి 85 దాకా ఆ పరిధిలోకే వస్తాయి. ఇది గుర్తుపెట్టుకుని తిరగండి. ప్రతి వీధిలోనూ ఒకప్పటి వైభవానికీ తర్వాతి లేమికీ ఆనవాళ్ళు పక్కపక్కనే కనిపిస్తాయి.

1. నెల చూసుకోండి

అక్టోబర్ అందరి మాట. చుట్టూ కొండలు ఎర్రగా, పసుప్పచ్చగా మారతాయి. కొలంబస్ డే వారాంతంలో నది అవతల గ్రాంట్ పార్కులో గెలీనా కంట్రీ ఫెయిర్ జరుగుతుంది. కానీ ఆ రోజుల్లో మెయిన్ స్ట్రీట్ మీద నడవడానికే సందుండదు, గదులు నెలల ముందే అయిపోతాయి. తప్పదనుకుంటే శని ఆదివారాలు వదిలేసి గురు, శుక్రవారాలు పెట్టుకోండి.

నా ఓటు మే నెలకు. చెట్లు చిగురిస్తాయి, ఎండ ముదరదు, జనం పల్చగా ఉంటారు. జులై, ఆగస్టుల్లో ఉక్కపోత ఎక్కువ, పెద్దవాళ్ళతో మెట్లెక్కడం కష్టం. డిసెంబర్‌లో ఒక శనివారం రాత్రి లూమినారియా పేరుతో వీధుల్లోనూ మెట్ల మీదా కాగితం సంచుల్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు. కార్తీక దీపాలు చూసిన కళ్ళకు కొత్తేం కాదనుకుంటాం గానీ, మంచు మీద వేల దీపాలు చూడటం వేరు. చలికి మాత్రం సిద్ధపడి వెళ్ళండి.

సోమ, మంగళవారాల్లో వెళ్ళకండి. రాష్ట్రం నడిపే చారిత్రక స్థలాలు వారం మొదట్లో మూసి ఉంటాయి, సాయంత్రం ఐదు లోపే తలుపులేస్తారు. బయల్దేరే ముందు రోజు వేళలు ఒకసారి చూసుకోండి.

2. బస ఎక్కడో తేల్చుకోండి

మూడు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే మనవాళ్ళు ఊరికి తూర్పున గెలీనా టెరిటరీ అనే పెద్ద రిసార్ట్ ప్రాంతంలో ఇల్లు అద్దెకు తీసుకుంటారు. వంటగది ఉంటుంది, పిల్లలకు సరస్సు ఉంటుంది, రాత్రి ఎంతసేపు పేకాడుకున్నా అడిగేవాళ్ళుండరు. ఇబ్బంది ఒకటే. అక్కడికి చేరాక పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మిర్చిబజ్జీలతో రోజు గడిచిపోతుంది. ఊరికి ఓ గంటకు మించి ఎవరూ కదలరు.

ఊరు చూడటమే పనైతే ఊళ్ళోనే దిగండి. మెయిన్ స్ట్రీట్ మీద 1855లో తెరిచిన డిసోటో హౌస్ హోటల్ ఇంకా నడుస్తోంది. పై వీధుల్లో పాత ఇళ్ళను బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్టులుగా మార్చినవి చాలా ఉన్నాయి. వాటిలో గది తీసుకుంటే రెండు విషయాలు ముందే అడగండి: గది ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా. పాత ఇళ్ళలో మెట్లు ఇరుగ్గా, నిటారుగా ఉంటాయి. అమ్మానాన్నలు వెంట ఉంటే కింది అంతస్తు గదే కావాలని గట్టిగా చెప్పండి. మీరు శాకాహారులైతే ఆ సంగతీ ముందే చెప్పాలి. "వెజిటేరియన్" అంటే గుడ్డు పెడతారు కాబట్టి గుడ్డు తింటారో లేదో కూడా విడిగా చెప్పండి.

3. దారిలో ఫ్రీపోర్ట్‌లో ఆగండి

షికాగో డౌన్‌టౌన్ నుంచి 160 మైళ్ళ పైచిలుకు, దాదాపు మూడు గంటలు. రైలు లేదు. ఐ-90 మీద రాక్‌ఫర్డ్ దాకా వెళ్ళి యూఎస్ 20 పట్టుకోవాలి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ట్రాఫిక్‌లో పడే కన్నా శనివారం తెల్లవారి ఏడింటికి బయల్దేరడం సుఖం.

రాక్‌ఫర్డ్ దాటిన అరగంటకు ఫ్రీపోర్ట్ వస్తుంది. కాళ్ళు చాపుకోవడానికి ఎలాగూ ఆగాలి కాబట్టి గ్యాస్ స్టేషన్‌లో కాకుండా డిబేట్ స్క్వేర్ దగ్గర ఆగండి. 1858 ఆగస్టు 27న అబ్రహాం లింకన్, స్టీఫెన్ డగ్లస్ సెనేట్ ఎన్నిక కోసం రెండోసారి ముఖాముఖి వాదించుకున్నది ఇక్కడే. ఒక ప్రాంతం రాష్ట్రంగా మారక ముందే అక్కడి జనం బానిసత్వాన్ని వద్దనవచ్చా అని లింకన్ అడిగాడు. వద్దనవచ్చని డగ్లస్ జవాబిచ్చాడు. ఆ జవాబు ఇల్లినాయ్‌లో పనికొచ్చింది, సెనేట్ సీటు డగ్లస్‌కే దక్కింది. దక్షిణాది వాళ్ళకు మాత్రం మంటెక్కింది. 1860లో డగ్లస్ అధ్యక్ష పదవికి నిలబడేసరికి సొంత పార్టీ రెండుగా చీలిపోయి ఉంది, లింకన్ గెలిచాడు. ఇద్దరి కంచు విగ్రహాలున్నాయి, 1903లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆవిష్కరించిన స్మారక శిల ఉంది. పదిహేను నిమిషాలు చాలు. అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుతున్న వాళ్ళు వెంట ఉంటే ఇంకో పదిహేను కలపండి.

స్టాక్‌టన్ దాటాక రోడ్డు మారిపోతుంది. అంతదాకా బల్లపరుపుగా మొక్కజొన్న, సోయా పొలాలే. ఒక్కసారిగా ఎత్తుపల్లాలు, వంపులు మొదలవుతాయి. మంచు యుగంలో ఇల్లినాయ్‌లో దాదాపు అంతటా హిమానీనదాలు నేలను సాపు చేసేశాయి. ఈ మూలను మాత్రం వదిలేశాయి. డ్రిఫ్ట్‌లెస్ ఏరియా అంటారు. సీసం పైపైనే దొరకడానికీ ఇదే కారణం, ఖనిజం ఉన్న రాతిపొరలు మట్టి కింద కప్పబడిపోలేదు. డ్రైవింగ్ చేసేవాళ్ళకు ఇక్కడ ఒక హెచ్చరిక: రెండు లేన్ల రోడ్డు, ఎదురుగా ట్రక్కులు. వెనకాల ఎవరైనా తొందరపడుతుంటే కుడివైపు చోటు దొరికినప్పుడు దారివ్వండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతూ ఉంటుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

4. కారు నది ఇవతలే వదిలేయండి

యూఎస్ 20 మీద ఊళ్ళోకి దిగుతుంటే నదికి ముందే, తూర్పు ఒడ్డున, పాత రైల్వే స్టేషన్ భవనం ఉంటుంది. ఇటుకలతో కట్టిన చిన్న స్టేషన్, 1857 నాటిది. దాని పక్కన పార్కింగ్ ఉంది. బోర్డు చదివి, కట్టాల్సిందేమన్నా ఉంటే కట్టి, కారు అక్కడే పెట్టేయండి. మెయిన్ స్ట్రీట్ మీద ఖాళీ కోసం చక్కర్లు కొట్టి ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడాల్సిన పని లేదు.

ముందు ఊళ్ళోకి వెళ్ళకండి. స్టేషన్ నుంచి బూతిలియర్ వీధి వెంట పైకి నడిస్తే పది నిమిషాల్లో యులిసిస్ గ్రాంట్ ఇల్లొస్తుంది. అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని, తర్వాత అమెరికా అధ్యక్షుడు. మధ్యాహ్నం గడిస్తే మూసేస్తారు కాబట్టి దీన్నే ముందు పెట్టుకోవాలి.

5. గ్రాంట్ ఇల్లు నెమ్మదిగా చూడండి

1860 వసంతకాలంలో గ్రాంట్ ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయనకు 38 ఏళ్ళు. సైన్యంలో ఉద్యోగం వదిలేసి అప్పటికి ఆరేళ్ళు. మిస్సోరీలో వ్యవసాయం కలిసిరాలేదు, తర్వాత చేసిన పనులూ కలిసిరాలేదు. నలుగురు పిల్లల తండ్రి. చివరికి తండ్రిగారి తోలు దుకాణంలో, తమ్ముళ్ళు నడుపుతున్న చోట, గుమాస్తాగా చేరాడు. కొండ మీద హై స్ట్రీట్‌లో అద్దెల్లు. రోజూ మెట్లు దిగి మెయిన్ స్ట్రీట్‌కు పనికి రావడం, సాయంత్రం మెట్లెక్కి ఇంటికి పోవడం. ఏడాది తిరిగేసరికి అంతర్యుద్ధం మొదలైంది. ఊరి వాలంటీర్లకు కవాతు నేర్పే మనిషి కావాల్సి వచ్చింది, నేర్పగలిగింది ఈయనే. ఊరి కాంగ్రెస్ సభ్యుడు ఎలిహు వాష్‌బర్న్ వెనకుండి పైకి తోశాడు. నాలుగేళ్ళు తిరక్కుండా, 1865 ఏప్రిల్ 9న, దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయింది ఈ గుమాస్తాకే.

మీరు చూడబోయేది ఆ అద్దెల్లు కాదు. యుద్ధం గెలిచాక ఊరి పెద్దలు చందాలేసుకుని 2,500 డాలర్లకు కొని, సామాన్లతో సహా ఇచ్చిన ఇల్లు. 1860లో కట్టింది. ఎర్ర ఇటుక, తెల్ల బాల్కనీలు, చూరు కింద చెక్కిన కర్ర బ్రాకెట్లు. 1904లో గ్రాంట్ పిల్లలు ఊరికి ఇచ్చేశారు, తర్వాత రాష్ట్రం చేతికొచ్చింది. లోపలి సామాన్లలో చాలావరకు ఆ కుటుంబానివే కావడం దీని ప్రత్యేకత. భోజనాల గదిలో ఆగండి. వైట్‌హౌస్ నాటి పింగాణీ గిన్నెలూ వెండి సామానూ అక్కడున్నాయి. ఆ పింగాణీ చూస్తున్నప్పుడు ఆయన తోలు కొట్టులో నిలబడ్డ మనిషి అని గుర్తు చేసుకుంటే గది వేరేగా కనిపిస్తుంది. గది గదికీ గైడ్ చెబుతారు, ప్రశ్నలడిగితే సంతోషిస్తారు. మన పెద్దవాళ్ళు నోరు తెరిచి అడగడానికి మొహమాటపడతారు, వాళ్ళ తరఫున మీరు అడిగి తెలుగులో చెప్పండి.

ఇంకో ముచ్చట. గ్రాంట్‌ను అధ్యక్షుణ్ణి చేయాలని పత్రికలు రాస్తుంటే ఆయన, తనకు గెలీనా మేయర్ పదవి చాలనీ, అదైతే తన ఇంటికి వెళ్ళే ఫుట్‌పాత్ బాగు చేయించుకోవచ్చనీ అన్నాడట. 1865 ఆగస్టులో ఆయన తిరిగొచ్చిన రోజున, జనరల్ గారూ ఫుట్‌పాత్ వేయించేశాం అని బ్యానర్ కట్టి ఊరు స్వాగతం పలికింది. ఆ తర్వాత మూడేళ్ళకు ఆయన నిజంగానే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

కిందికి దిగేటప్పుడు గ్రాంట్ పార్కు గుండా రండి. 1891లో పెట్టిన గ్రాంట్ విగ్రహం ఉంటుంది. యుద్ధ వీరుడిలా గుర్రం మీద కాదు, కోటు వేసుకుని నిలబడిన మామూలు పౌరుడిలా. అక్కణ్ణుంచి కాలినడక వంతెన దాటితే ఊళ్ళో ఉంటారు. వంతెన మధ్యలో ఆగి కిందికి చూడండి. స్టీమర్లు తిరిగిన నది ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. మన ఊళ్ళో పంటకాలువలు ఇంతకన్నా వెడల్పు.

6. మెయిన్ స్ట్రీట్‌కు పొద్దున్నే వెళ్ళండి

సాయంత్రం షాపింగ్ చేసుకోండి, కాదనను. కానీ ఆ వీధిని చూడాలంటే మర్నాడు పొద్దున్న ఎనిమిదికి, షాపులు తెరవక ముందు వెళ్ళాలి. నది వంపును అనుసరించి వీధి వంకర తిరుగుతుంది కాబట్టి ఎక్కడ నిలబడ్డా అటు చివర కనబడదు. కింద షాపుల అద్దాల్ని వదిలేసి రెండో అంతస్తు పైనుంచి చూడండి. కిటికీల మీది ఇనప నగిషీలు, ఇటుకల మీద వెలిసిపోయిన పాత దుకాణాల పేర్లు అక్కడుంటాయి.

వీధి మొదట్లో గోడలో పెద్ద ఉక్కు తలుపులు కనిపిస్తాయి. కోట గుమ్మాలనుకుంటారు పిల్లలు. అవి వరద తలుపులు. నది పూడుకుపోయాక ప్రతి పెద్ద వానకూ నీళ్ళు ఊళ్ళోకి వచ్చేవి. 1950ల మొదట్లో ఆర్మీ ఇంజనీర్లు కరకట్ట కట్టి ఈ తలుపులు బిగించారు. నదిలో నీళ్ళు పెరిగితే మూసేస్తారు, కారు బండి ఏదీ లోపలికి రాదు. నదివల్ల బతికిన ఊరు నదికి తలుపేసుకోవాల్సి వచ్చింది.

డిసోటో హోటల్ ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి, మూడు. కట్టినప్పుడు ఐదుండేవి. వచ్చేవాళ్ళు తగ్గిపోయి, గదులు ఖాళీగా పడి ఉండి, 1880లో పై రెండూ తీసేశారు. 1856 జులైలో లింకన్ ఈ హోటల్ బాల్కనీ మీద నిలబడి ప్రసంగించాడు. లోపలికి వెళ్ళి లాబీ చూడటానికి అక్కడ గది తీసుకోనక్కర్లేదు.

7. ఇక ఎక్కండి

మెయిన్ స్ట్రీట్ నుంచి గ్రీన్ స్ట్రీట్‌లోకి తిరిగితే నదివైపు రాతితో కట్టిన పోస్టాఫీసు కనిపిస్తుంది. 1850ల చివర్లో పోస్టాఫీసు, కస్టమ్స్ హౌస్‌గా కట్టింది, ఇప్పటికీ పోస్టాఫీసే. మూడు వేల మంది ఊరికి ఇంత పోస్టాఫీసా అనిపించాలి, అనిపిస్తుంది. లోపలికి వెళ్ళి ఇండియాకు ఒక పోస్టుకార్డు రాయండి.

ఈ కట్టడాన్ని దగ్గరుండి కట్టించిన ఇంజనీరు ఈలై పార్కర్. నన్నడిగితే గెలీనాలో గ్రాంట్ కన్నా ఈయన కథే పెద్దది. సెనెకా తెగ మనిషి. లా చదివాడు. కానీ అమెరికన్ ఇండియన్లను పౌరులుగా లెక్కించని కాలం కాబట్టి లాయరుగా చేరనివ్వలేదు. ఇంజనీరింగ్ పట్టుకున్నాడు. 1857లో ప్రభుత్వ భవనాలు కట్టించడానికి గెలీనా పంపారు, ఇక్కడే గ్రాంట్‌తో స్నేహమైంది. యుద్ధం రాగానే సైన్యంలో చేరతానంటే మళ్ళీ కాదన్నారు. తర్వాత గ్రాంట్ తన దగ్గరికి తీసుకున్నాడు. అపొమాటక్స్‌లో లీ లొంగుబాటు షరతులను శుభ్రంగా తిరగరాసింది పార్కర్ చేతి రాతే. 1869లో గ్రాంట్ అధ్యక్షుడయ్యాక ఇండియన్ వ్యవహారాల కమిషనర్‌గా వేశాడు. ఆ పదవిలో కూర్చున్న మొదటి అమెరికన్ ఇండియన్ ఆయన. ఈ చిన్న ఊరి నుంచి ఉత్తరాది సైన్యానికి తొమ్మిది మంది జనరల్స్ వెళ్ళారు. వాళ్ళలో పార్కర్ ఒకడు, గ్రాంట్‌కు కుడిభుజంలా ఉన్న లాయరు జాన్ రాలిన్స్ ఇంకొకడు.

అక్కణ్ణుంచి పైకి. మొదటి అంచె బెంచ్ స్ట్రీట్. 1851 నాటి ఫైర్‌హౌస్, 1838 నాటి ప్రెస్బిటీరియన్ చర్చి, 1874 నాటి టర్నర్ హాల్ అన్నీ ఒకే వరస. గెలీనా చరిత్ర మ్యూజియం ఎక్కడ నడుస్తోందో ఫోన్‌లో చూసుకుని వెళ్ళండి. థామస్ నాస్ట్ 1895లో వేసిన లొంగుబాటు చిత్రం దాని సొత్తు, గోడంత ఉంటుంది. రిపబ్లికన్ పార్టీకి ఏనుగు గుర్తును స్థిరపరిచిన కార్టూనిస్టు ఈయనే.

ఆ పైన ప్రాస్పెక్ట్ స్ట్రీట్. దానికి వెళ్ళే మెట్లు పొడుగు, నడుమ నడుమ ఆగడానికి చోట్లున్నాయి, రెయిలింగ్ పట్టుకునే ఎక్కండి. తిరుమల మెట్ల దారి ఎక్కినవాళ్ళకు ఇదో లెక్క కాదు గానీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను బలవంతపెట్టకండి. వాళ్ళకు మెయిన్ స్ట్రీట్ నుంచి ట్రాలీ టూర్లున్నాయి, కూర్చునే పై వీధులన్నీ చూసి రావచ్చు. ఎక్కగలిగినవాళ్ళకు పైనుంచి ఊరంతా కనిపిస్తుంది: చర్చి శిఖరాలు, ఇటుక వీపులు, అవతలి కొండ మీద గ్రాంట్ ఇల్లున్న వైపు. మెయిన్ స్ట్రీట్ ముందునుంచి నాలుగంతస్తులుగా కనిపించిన మేడ, వెనక కొండలోకి ఒదిగి రెండంతస్తులే ఉందని ఇక్కణ్ణుంచి తెలుస్తుంది. గ్రాంట్ రోజూ ఎక్కి దిగిన ఎత్తు కూడా ఇంచుమించు ఇదే.

8. తిండి సంగతి

ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్ మీద ఆశ పెట్టుకోకండి. పులిహోర, పెరుగన్నం, చపాతీలు కట్టుకుని వెళ్తే మొదటి రోజు మధ్యాహ్నం గ్రాంట్ పార్కులో కూర్చుని తినొచ్చు. రెస్టారెంట్లలో శాకాహారం దొరుకుతుంది, కానీ బీన్స్‌లో బేకన్ ముక్కలు, సూపులో చికెన్ స్టాక్ చెప్పకుండా ఉంటాయి. అడిగి తీసుకోవాలి. విస్కాన్సిన్ సరిహద్దు పక్కనే కాబట్టి చీజ్ కర్డ్స్ బాగుంటాయి. తాజావి కొరికితే పళ్ళ కింద కీచుమంటాయి, అదే తాజాదనానికి గుర్తు. వేయించినవి కారం లేక చప్పగా అనిపిస్తే పచ్చడి సీసా ఎలాగూ కారులో ఉంటుంది.

9. రెండో రోజు మధ్యాహ్నం: ఒకటే ఎంచుకోండి

అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడరు. పిల్లలుంటే డబ్యూక్ వెళ్ళండి. అయోవాలో, మిసిసిపీ అవతల, పాతిక నిమిషాల దారి. నది మీద జాతీయ మ్యూజియం, అక్వేరియం ఉన్నాయి, సగం రోజు పడుతుంది. అక్కడే ఫెనెలన్ ప్లేస్ ఎలివేటర్ అనే బుల్లి కొండ రైలుంది. 296 అడుగుల పట్టాల మీద 189 అడుగుల ఎత్తుకు లాగుతుంది. కింద ఆఫీసు, పైన ఇల్లు ఉన్న ఒక బ్యాంకరు మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసి రావడానికి 1882లో సొంతంగా కట్టించుకున్నాడు. ఇల్లినాయ్ నుంచి వెళ్తే ఒకే గంటలో రెండు రాష్ట్రాలు చూసినట్టు, పైన నిలబడితే మూడోదైన విస్కాన్సిన్ కూడా కనిపిస్తుంది.

గని లోపలికి దిగాలనుంటే ఉత్తరాన విస్కాన్సిన్‌లో ప్లాట్‌విల్ వెళ్ళండి. అక్కడి మైనింగ్ మ్యూజియంలో 1845 నాటి బెవన్స్ సీసపు గనిలోకి మెట్ల మీదుగా తీసుకెళ్తారు. బయట ఎంత ఎండున్నా లోపల చలి, స్వెటర్ పట్టుకెళ్ళండి. గెలీనాలో పొద్దుటి నుంచీ చూసిన ఇళ్ళన్నీ ఏ చీకట్లోంచి వచ్చాయో ఇక్కడ తెలుస్తుంది.

ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్ళకు కాస్పర్ బ్లఫ్. మిసిసిపీ పక్క కొండ అంచున, తెల్లవాళ్ళకు వందల ఏళ్ళ ముందు ఇక్కడి ప్రజలు మట్టితో పేర్చిన దిబ్బలున్నాయి. రెక్కలు చాచిన పక్షి ఆకారంలో ఒకటుంది. నేల మీంచి చూస్తే గడ్డి కప్పిన చిన్న గుట్టలానే ఉంటుంది, అక్కడి బోర్డు మీది పటం చూశాక ఆకారం తెలుస్తుంది. అవి సమాధుల వంటి చోట్లు కాబట్టి దిబ్బల మీద ఎక్కనివ్వకండి పిల్లల్ని. అంత సమయం లేకపోతే ఊరి అంచునే హార్స్‌షూ మౌండ్ ఉంది. కారు దిగి కాస్త నడిస్తే మూడు రాష్ట్రాలు కనిపించే ఎత్తు.

తిరుగు ప్రయాణం సాయంత్రం నాలుగు దాటనివ్వకండి. అక్టోబర్, నవంబర్‌లో మసక చీకటి వేళ యూఎస్ 20 మీదికి జింకలు వస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉన్నట్టే, వెంటనే వేగం పెంచకండి. అద్దె కారైతే, దాని టోల్ లెక్క ఎవరు చూస్తారో కంపెనీని ముందే అడగండి. సొంత కారై ఐపాస్ (టోల్ కట్టే ట్యాగ్) లేకపోతే ఐ-90 టోల్ 14 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో కట్టేయండి, లేకపోతే ఫైన్‌తో కలిపి ఇంటికి ఉత్తరం వస్తుంది.